మొక్కుబడీ, చట్టమూ

మన భాషలో "మొక్కుబడి" అనే మాటకు రెండర్థాలున్నాయి. దేవుడికి చెల్లించవలసిన మొక్కు వొకటి. మనసు పెట్టకుండా పైపైన జరిపించే పని రెండోది. ఒకే మాటలో భక్తీ, దాని వెక్కిరింపూ యిట్లా కలిసి వుండడం వూరికే జరగలేదు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలన్నీ సమర్పించేవారున్నారు. మూడు కత్తెరలతో సరిపుచ్చుకొనేవారూ వున్నారు. ఎవరి మొక్కు తీరిందో తేల్చి చెప్పే అధికారం మనకు లేదు. అది మొక్కినవాడికీ, వాడి దేవుడికీ మధ్య లెక్క.

చట్టం విషయంలో కూడా యీ లెక్క చెల్లుతుందా? అక్షరాన్ని పాటించి వూరుకున్నవాడు నీతిని పాటించినట్టేనా? చాలా చిన్న వస్తువును తీసుకొని యీ ప్రశ్నను పరీక్షించవచ్చు.

పిస్తోలు పిడిలోకి దూర్చే తూటాల పెట్టెను మాగజైను అంటారు. లోపల వొక స్ప్రింగు, దానిమీద వొక పలక. తూటా పేలినకొద్దీ స్ప్రింగు పలకను పైకి నెట్టి మరో తూటాను అందిస్తుంది. కెనడా చట్టం పిస్తోలు మాగజైనుకు 10 తూటాల హద్దు పెట్టింది. అమెరికా కేంద్ర చట్టం 1994లో అదే హద్దు పెట్టి, 2004లో గడువు తీరగానే వదిలేసింది. కొన్ని రాష్ట్రాలు సొంతంగా అటువంటి హద్దులు పెట్టుకొన్నాయి. కెనడాలో 15 తూటాలు పట్టే మాగజైను వున్నవాడు దాన్ని పారవేయనక్కరలేదు. పలక కిందికి దిగకుండా గోడకు రివెటు బిగిస్తే చాలు. పదకొండో తూటా యెక్కదు.

"నేను చట్టానికి లోబడ్డాను" అంటాడు తుపాకి గలవాడు. "ఇది వట్టి మొక్కుబడి. వాడి మనసు మారలేదు, తుపాకి పోలేదు, రివెటు రేపు వూడదీయవచ్చు" అంటాడు విమర్శకుడు. పైకి విమర్శకుడి మాటే గొప్పగా కనిపిస్తుంది. కాని అతను చట్టాన్నీ మొక్కునూ వొకే తక్కెడలో తూచుతున్నాడు. మొక్కు మొక్కినవాడి హృదయాన్ని అడుగుతుంది. చట్టం అడిగేది యెదుటివాడి ప్రాణం.

2011 జనవరి 8న అరిజోనా రాష్ట్రంలోని టూసన్‌లో వొకడు, అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియేల్ గిఫర్డ్స్ ప్రజలను కలుసుకొంటున్న చోట, 33 తూటాల మాగజైనుతో కాల్పులు జరిపాడు. ఆరుగురు చనిపోయారు. అది ఖాళీ అయి, మరో మాగజైను యెక్కించబోతున్న క్షణంలో అక్కడి జనం వాణ్ణి పడవేసి పట్టుకొన్నారు. ఆ క్షణం యింకా ముందు వచ్చి వుంటే? రివెటు చేసే పని అంతా యిదే: ఆ క్షణాన్ని ముందుకు జరపడం. దానికి తుపాకి గలవాడి హృదయ పరివర్తన అవసరం లేదు. రివెటు గట్టిగా వుంటే చాలు. కెనడా 2023 డిసెంబరులో, మాగజైనును హద్దు మించి పట్టేటట్టు మార్చడాన్ని ప్రత్యేక నేరంగా చేర్చడంలో అర్థం కూడా యిదే.

పదికీ పదకొండుకూ నీతిలో తేడా యేమిటని అడగవచ్చు. ఏమీ లేదు. గట్టు యే చాలులో వేసినా పక్క చాలు మన్నూ అదే మన్ను. అంతమాత్రాన గట్టు అక్కరలేదనగలమా? అసలు అడగవలసింది, గట్టు యెవరు వేశారు, యెవరికి వేశారు అని.

లిట్టన్ ప్రభుత్వం 1878లో చేసిన ఆయుధ చట్టం కింద మనవాడికి లైసెన్సు కావాలి, యూరోపియనుకు మినహాయింపు. అది గట్టు కాదు, సంకెల. స్వతంత్ర భారతం చేసిన 1959 చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చి దాన్ని రద్దు చేసింది. మన చట్టం తుపాకులనే లెక్కపెడుతుంది: మనిషికి మూడు వుండవచ్చన్నది 2019లో రెండయింది, మూడోదాన్ని అప్పగించాలి. ఆ మూడోది అదే యింట్లో మరొకరి పేరుకు మారితే అక్షరం నిలిచింది, తుపాకీ యింట్లోనే నిలిచింది. రివెటుకూ దీనికీ తేడా యిక్కడే వున్నది. రివెటు తూటాను ఆపుతుంది. పేరు మార్పు దేన్నీ ఆపదు.

ఇదే కొలతను ప్రభుత్వానికీ పట్టాలి. 2015 ఏప్రిల్ 7న, వేంకటేశ్వరుడి కొండలున్న యీ శేషాచలం అడవుల్లోనే, తమిళనాడుకు చెందిన 20 మంది ఎర్రచందనం కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లు రాళ్లతో, గొడ్డళ్లతో పైబడ్డారనీ, ఆత్మరక్షణకే కాల్చామనీ పోలీసులన్నారు. పౌరహక్కుల సంఘాలు ఆ మాట నమ్మలేదు. పంటను అడవిపందుల నుంచి కాపాడుకొనే రైతు వొక్క నాటు తుపాకికి లైసెన్సు చూపాలి. మరి ప్రభుత్వం పేల్చిన తూటాకు లెక్క యెవరు చూపుతారు? అంతకు ఆరు నెలల ముందే, 2014 సెప్టెంబరులో, సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు యిచ్చివున్నది: కేసు నమోదు కావాలి, సంబంధం లేని బృందం దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి, కాల్చిన ఆయుధాలను పరీక్షకు అప్పగించాలి.

ఆ పదహారూ రివెట్ల వంటివే. గట్టిగా బిగిస్తే తరువాతి తూటా పేలే ముందు వొక చెయ్యి ఆగుతుంది. కాగితాలు నింపి, సంతకాలు పెట్టి, కట్టకట్టి బీరువాలో పెడితే అది పేరు మార్పు. అక్షరాన్ని పాటించడం తప్పు కాదు. ఆ అక్షరం యెవరి ప్రాణం కోసం వ్రాసివున్నదో ఆ ప్రాణం నిలిచిందా అన్నదే పరీక్ష. దేవుడు మూడు కత్తెరలతో తృప్తి పడవచ్చు. చచ్చిపోయిన కూలీ భార్య పడదు.