పోసినోడు, తాగినోడు

మాదిగోళ్లు తాగి చెడిపోయారని ఊరు ఎప్పుడూ అంటుంది. ఎవరు పోస్తే తాగారో మాత్రం చెప్పదు.

మాది నెల్లూరు జిల్లాలో ఒక మాదిగపాళెం. ఊళ్లో ఆసామి చస్తే మా నాయన డప్పు కొట్టాలి, గుంత తవ్వాలి. గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాలి. దానికి కూలి ఏంది? కాసిని గింజలు, ఒక సీసా సారా. సారా ముందే పోసేవాళ్లు. కుళ్లిన గొడ్డు కంపు తెలియకుండా ఉండాలంటే లోపల ఏదో ఒకటి పడాలి గదా! మర్నాడు అదే ఆసామి కొడుకు అరుగు మీద కూచుని 'తాగుబోతు నాయాళ్లు' అనేవాడు. కూలిని సారా చేసి ఇచ్చినోడు మర్యాదస్తుడు, తాగినోడు నీతిలేనోడు!

తర్వాత సర్కారే ఆ పని అందుకుంది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్ సారా మా గుడిసెల ముందుకే వచ్చింది. మత్తు పానీయాలు మాన్పించడానికి ప్రయత్నం చెయ్యమని రాజ్యాంగం 47వ అధికరణం ప్రభుత్వానికి చెబుతోంది. ఆ ప్రభుత్వమే సారాకు వేలం పాటలు పెట్టింది.

ఇంతవరకు మనవాళ్లందరూ ఒప్పుకుంటారు. నా పేచీ ఇక్కడే. పోసింది వాళ్లే. కానీ ఇంటికొచ్చి అమ్మ జుట్టు పట్టుకున్న చెయ్యి మా నాయనది. ఆ చెయ్యి కూడా ఆసామిదే అందామా? అంటే అమ్మ తిన్న దెబ్బలకు జవాబు చెప్పేవాడే ఉండడు. నాట్లేసి ఆమె తెచ్చిన డబ్బులూ, మా చెల్లెలి బడీ సారాలోనే పోయాయి. ఊరు చేసిన అన్యాయం చెబుతూ ఇంట్లో అన్యాయం దాచిపెడితే ఆ మాట సగం అబద్ధం.

అట్లాగని నాయన మీద తీర్పు చెప్పడానికీ నాకు నోరు రాదు. ఏళ్లతరబడి తాగిన ఒంటికి సారా ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అది జబ్బు. జబ్బుకు ఆస్పత్రి కావాలి, ఉపన్యాసం ఎందుకు? అయితే ఏ జబ్బూ ఆడదాన్ని కొట్టే హక్కు ఇవ్వదు.

ఈ చిక్కుముడిని అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు విప్పారు. 1991-92లో మా జిల్లా దూబగుంటలో లేచిన సారా వ్యతిరేక పోరాటం ఊరూరా అంటుకుంది. వేలం పాటలు వాయిదా పడ్డాయి. వాళ్లు కాంట్రాక్టర్నీ నిలదీశారు, మొగుణ్ణీ నిలదీశారు. ఒకడి తప్పు చూపించి ఇంకొకడి తప్పు మాఫీ చెయ్యలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యం దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల ఖజానాలూ మద్యం రాబడికి ఆనుకుని ఉన్నాయి.

మన పిల్లలకు ఒక మాట. ఊరు చెప్పే తాగుడు నీతి మనకొద్దు, దానిలో మన మీద అసహ్యం ఉంది. మీటింగు అయిపోయాక సీసా తీసి 'ఇది మన సంస్కృతి' అనే మాటా వద్దు. డప్పు మనది. డప్పుకిచ్చిన సారా ఎగ్గొట్టిన కూలి. ఆ బాకీ ఊరినీ సర్కారునీ అడుగుదాం. ఇంట్లో అమ్మకు ఉన్న బాకీ మాత్రం మనమే తీర్చాలి.