పేరు రాకపోతే

ప్రతిభ ఉంటే దానంతట అదే బయటికొస్తుందని ఎవరైనా అంటే నాకు కోపమొస్తుంది. వచ్చినవాళ్లను మాత్రమే లెక్కబెట్టి చెప్పే మాట అది. రానివాళ్లు నాకు రోజూ ఎదురవుతూనే ఉంటారు. మా గుమ్మిడిపూండి సిప్‌కాట్ ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు ముగించుకుని, టీ అంగడి ముందు నిలబడి పాత పాటలు శ్రుతి తప్పకుండా పాడుకునేవాళ్లు ఒకరిద్దరు కాదు.

గాయకుడు ఘంటసాల మద్రాసు పానగల్ పార్కులో పడుకున్న కథను పిల్లలకు అంత ఇష్టంగా ఎందుకు చెబుతామో కూడా నాకు అర్థం కాదు. ఆకలే ఆయనకు పాట నేర్పినట్టు చెబుతాం. అదే పార్కులో పడుకుని, ఏమీ కాలేక, ఊరి రైలెక్కినవాళ్ల మాట ఎవరెత్తారు? పైగా ఆ కథలో మనం తొందరగా దాటేసే పెద్దమనిషి ఒకరున్నారు, సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య. మద్రాసు వచ్చిన ఘంటసాలకు ఆయన ఇల్లే ఆసరా. ఆ ఇంటికి భారం కాకూడదనే ఘంటసాల పార్కుకు చేరారని చెప్పుకుంటారు. సాయం చేసినాయన మంచివాడే, పుచ్చుకున్నాయన మంచివాడే. అయినా ఆ సాయం మోయలేనంత బరువైంది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ బరువే.

సాయంత్రాలు మా మిద్దె మీద పిల్లలకు పాట నేర్పుతాను. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. 2006లో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక తెలుగు అక్షరాలు చాలామందికి దూరమయ్యాయి. అందుకే తెలుగు పాటను తమిళ లిపిలో రాసుకుంటారు. అందులో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. 'గాలి' అనాలో 'కాలి' అనాలో కాగితం చెప్పదు, చెవే గుర్తుపెట్టుకోవాలి. ఒకప్పుడైతే లోకల్ బండెక్కి సెంట్రల్‌లో దిగి కోడంబాకం వెళ్తే వాహినీ స్టూడియో, దాని చుట్టూ తెలుగు సినిమా మొత్తం ఉండేది. మా ఊరి నుంచి సెంట్రల్‌కు 50 కిలోమీటర్లు కూడా లేవు. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయాక మా పిల్లలకు సొంత భాష సినిమా ఒక రాత్రి ప్రయాణమంత దూరమైంది. దీని గురించి ఎవరూ పెద్దగా బాధపడినట్టు లేదు.

గాయకుడు ఎస్.పి. బాలుగారు మా జిల్లావారే అని ఇక్కడ గొప్పగా చెప్పుకుంటాం. ఆయన పుట్టిన కోనేటమ్మపేట ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలోది. 2020 సెప్టెంబరులో ఆయనను ఖననం చేసిన తామరైపాక్కం కూడా ఈ జిల్లాలోదే. మా రైలు మార్గంలోనే పైనున్న గూడూరులో, ఒక పోటీలో ఆయనకు రెండో బహుమతి ఇస్తే, అతిథిగా వచ్చిన ఎస్. జానకి మొదటిది ఈ అబ్బాయికే రావాలన్నారట. ఆ తర్వాత సంగీత దర్శకుడు కోదండపాణి. 1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం మొదటి పాట పాడించారు. అక్కడితో ఆగి ఉంటే ఆయన కూడా అవకాశం ఇచ్చిన పెద్దల్లో ఒకరుగా మిగిలిపోయేవారు. ఆ రోజుల్లో రికార్డింగు అయిపోయాక టేపు చెరిపి మళ్లీ వాడుకునేవారు. దాన్ని చెరపొద్దనీ, వచ్చిన సంగీత దర్శకులకు వినిపించమనీ కోదండపాణి రికార్డిస్టుకు చెప్పారని బాలుగారు తలుచుకునేవారు. మొదటి పాట ఇప్పించేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. రెండో పాట కోసం మరొకరి తలుపు తట్టేవాళ్లే అరుదు.

ఇంతవరకూ నాకు అనుమానం లేదు. అనుమానం పుట్టించింది నా దగ్గర పాట నేర్చుకున్న కుర్రవాడు. చెన్నైలో ఒక చోట గొంతు వినిపించి ఇద్దరం సూళ్లూరుపేట లోకల్‌లో తిరిగొస్తున్నాం. పొన్నేరి దాటాక జనం పలచబడ్డారు. అతను తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి, నా వైపు చూడకుండా అడిగాడు.

"సార్, నాకు పేరు రాకపోతే గూడా మీరు నాతో మాట్లాడతారా?"

ఎందుకు మాట్లాడను అన్నాను.

"మీరు మాట్లాడతారు సార్. నేనే మీ వీధి తప్పించి చుట్టుకొని పోతా. మా నాయన అడిగితే ఏదో ఒకటి చెప్తా. మీరు అడక్కపోయినా నాకు సిగ్గుగా ఉంటాది."

గుమ్మిడిపూండి వచ్చేదాకా నేనేమీ చెప్పలేకపోయాను.

బాలుగారు తన రికార్డింగు స్టూడియోకు కోదండపాణి పేరు పెట్టుకున్నారు. కృతజ్ఞత అంటే అదీ అని మనం మెచ్చుకుంటాం. కానీ ఆ టేపు విన్న ఒక్క సంగీత దర్శకుడూ పిలవకపోయి ఉంటే? కోదండపాణి చేసిన మేలు అప్పుడూ అంతే గొప్పది. ఆ మేలు పొందిన కుర్రవాడు మాత్రం ఆయన ఎదుటికి రాగలిగేవాడా? గెలిచినవాడు రుణం తీర్చుకోగలడు. గెలవనివాడికి ఆ దారి కూడా లేదు. బాలుగారు టీవీలో నడిపిన పాటల పోటీ, 1996లో మొదలైన 'పాడుతా తీయగా' నుంచి ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ సినిమాల్లోకి వచ్చారు. నేను ఆ వేదిక మీద ఎక్కువగా చూసింది మధ్యలో వెనుదిరిగిన పిల్లలను. వాళ్ల ఉచ్చారణను కూడా బాలుగారు అంతే ఓపికగా దిద్దేవారు. ఇంటికి వెళ్లాక వాళ్లు తమ గురువుల గడప తొక్కారో లేదో!

పోనీ, రాకపోయినా ఫరవాలేదని ముందే చెబుదామా అంటే, పసిమనసుకు అది 'నీకు రాదు' అని వినిపిస్తుంది. గట్టిగా నమ్మే మనిషి ఒకరు వెనకుంటే తప్ప ఈ దారిలో ఎవరూ నాలుగడుగులు వేయలేరు. నమ్మితే బరువు. నమ్మకపోతే ద్రోహం. చాలాకాలం ఇక్కడే తిరిగాను, ఇప్పటికీ పూర్తిగా బయటపడలేదు.

చివరికి తోచింది సినిమాకు సంబంధం లేనిది. ఆ కుర్రవాడికి నేను అవసరమైనట్టే నాకూ అతను అవసరం కావాలి, అదీ నిజంగా. నా పళ్లు ఊడి, ఒత్తులు సరిగా పలకడం లేదు. చిన్నపిల్లలకు ఖ, ఘ, ధ, భ పలికించే క్లాసు ఆదివారాలు అతనికి అప్పగించాను. ఊరికే కాదు, జీతానికి. మొదట వద్దన్నాడు. పిల్లలు తప్పులు నేర్చుకుంటున్నారని చెప్పాక ఒప్పుకున్నాడు. ఇప్పుడు పాఠం నాకన్నా బాగా చెబుతున్నాడు.

వచ్చే శుక్రవారం రాత్రి హైదరాబాదు వెళ్తున్నాడు, ఒకరు పాట వింటామన్నారు. ఆదివారం పొద్దునకల్లా వచ్చి క్లాసు తీసుకోవాలని చెప్పాను. అక్కడ ఉండిపొమ్మంటే ఏం చేయాలని అడిగాడు. శనివారం రాత్రిలోగా ఫోన్ చేయమన్నాను, క్లాసుకు ఇంకొకరిని చూసుకోవాలి గదా.