బొగ్గుతో బాకీ తీరుతుందా?

కోతలు ముగిశాక మన పల్లెలలో పొద్దుగూకే వేళకు పొలాల మీద ఎర్రని మంటలు కనిపిస్తాయి. యంత్రంతో కోసిన వరి దుబ్బులు, ఏరివేత అయిపోయిన పత్తి కట్టె, కంది కట్టె, మిరప కట్టె ఆ మంటలలో పోతాయి. కూలి పెట్టి తీయించే స్తోమత లేక, తరువాతి పంటకు అదను దాటిపోతుందనే తొందరలో రైతు అగ్గిపుల్ల గీస్తాడు. అతనిని తప్పుపట్టడానికి ఈ మాటలు రాయటం లేదు. ఆ మంటలో పోయేదేమిటి, దానిని నిలుపుకునే దారి ఉన్నదా, ఉంటే ఆ మేలు ఎవరి ఖాతాలో జమ కావాలి అన్నదే ఈ వారం మన ఆలోచన.

విభూది బుధవారంనాడు గురువు మన నొసట పూసే విభూది పోయిన ఏటి మట్టలది. గాలి బాగా ఆడేచోట మట్టను కాలిస్తే అందులోని కర్బనం దాదాపు అంతా బొగ్గుపులుసు వాయువై ఆకాశానికి చేరుతుంది. మిగిలేది పిడికెడు బూడిద. అదే మట్టను మూత వేసిన డ్రమ్ములో, గాలి తగలనివ్వకుండా 350 నుంచి 700 డిగ్రీల వేడిలో మగ్గబెడితే బొగ్గు వస్తుంది. మట్టలోని కర్బనంలో రమారమి సగం ఆ బొగ్గులోనే నిలిచిపోతుంది. దానిని పొడిచేసి పొలంలో కలిపితే తొందరగా కుళ్లదు. చాలా భాగం వందల ఏళ్లు మట్టిలోనే ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని బయోచార్ అంటున్నారు. కట్టెతో చేసిన మంచి బయోచార్ ఒక టన్ను, రెండున్నర టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు ఆకాశానికి పోకుండా ఆపినట్లు లెక్క. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థవారు పత్తి, కంది, ఆముదం కట్టెను ఇలా బొగ్గు చేయడానికి మామూలు డ్రమ్ముతోనే ఒక బట్టీని రూపొందించారు.

ఇది కొత్త విద్య కాదు. 1542లో స్పెయిను నావికులు కొందరు ఒరెల్లానా నాయకత్వాన అమెజాను నది వెంట సముద్రం దాకా ప్రయాణించారు. వారి వెంట ఉన్న దోమినికన్ సభ గురువు గాస్పర్ దె కర్వహాల్ ఆ యాత్రను గ్రంథస్థం చేశారు. ఏటి ఒడ్డున జనంతో కిటకిటలాడే ఊళ్లు చూశామని రాశారు. తరువాతి కాలంలో వెళ్లినవారికి అడవి తప్ప ఊళ్లు కనిపించలేదు. పాపం, ఫాదరుగారు కోతలు కోశారని లోకం చాలాకాలం అనుకున్నది. కాని ఆ పులుపు నేలల నడుమ అక్కడక్కడ నల్లని సారవంతమైన మట్టి ఉన్నది. అందులో బొగ్గు, చేప ఎముకలు, కుండ పెంకులు కలిసి ఉన్నాయి. 1966లో విమ్ సోంబ్రూక్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు అమెజాను నేలల మీద రాసిన పుస్తకం ఆ నల్లమట్టిపై లోకం దృష్టిని మళ్లించింది. కొన్నిచోట్ల దాని వయసు రెండువేల ఏళ్లు. దానిని తయారుచేసిన జనంలో ఎక్కువమంది బయటివారు తెచ్చిన రోగాలకు రాలిపోయారు. వారి మట్టిని మాత్రం అక్కడి రైతులు నేటికీ వెతుక్కుని సాగు చేస్తున్నారు.

ఇక చిక్కు ప్రశ్న. బొగ్గు మండే వస్తువు. మగ్గబెట్టేటప్పుడు వచ్చే ఆవిరిని మండించి వంటకో, ధాన్యం ఆరబెట్టడానికో వాడుకోవచ్చు. కాని బొగ్గులో మిగిలిన వేడి మాత్రం పొయ్యికో, పొలానికో, ఏదో ఒకదానికే. పొలంలో కలిపితే, ఇవాళ్టి వేడిని వదులుకుని ఇంకా పుట్టని పిల్లల కోసం దాచిపెట్టటమే. మంచి త్యాగమే. అయితే పుల్లల కోసం మైలు దూరం నడిచే తల్లితో ‘ఈ బొగ్గు మట్టిలో కలుపమ్మా’ అని చెప్పే హక్కు ఎవరికున్నది? ఆమె చేను ఇసుక నేలో, పులుపు నేలో అయితే నీరు నిలిచి, ఎరువు నిలిచి ఆమెకే లాభం కలగవచ్చు. చౌడు నేలలో ఆ లాభం అంతగా ఉండదు. పచ్చి బొగ్గు చల్లితే మొదట్లో నేలలోని నత్రజనిని అదే పీల్చుకుంటుంది కనుక, పేడనీటిలో నానబెట్టి వేయటం మేలు. గడ్డి విషయంలో మొదటి హక్కు పశువుది, ఆ తరువాతే బట్టీది.

ఈ త్యాగానికి ఇప్పుడు ధర కూడా పలుకుతున్నది. 2025 జనవరిలో గూగుల్ కంపెనీ, మన దేశానికి చెందిన వరాహ అనే సంస్థ నుంచి 2030లోగా లక్ష టన్నుల కర్బన క్రెడిట్లు కొనటానికి ఒప్పుకున్నది. గుజరాతులో విపరీతంగా పెరిగిపోయిన సర్కారు తుమ్మను బయోచార్ చేసి మట్టిలో కలపటం ఆ పని. ముళ్లపొద తొలగుతుంది, కూలి దొరుకుతుంది, కర్బనం నేలలో నిలుస్తుంది. ఇందులో తప్పేమీ నాకు కనిపించదు. కాని అదే కంపెనీ 2024లో తానే ప్రకటించిన నివేదిక ప్రకారం, 2023 ఒక్క ఏడాదిలో దాని వల్ల గాలిలో కలిసినది 1 కోటి 43 లక్షల టన్నులు. 2019 కంటె 48 శాతం ఎక్కువ. కొన్నది అందులో నూటికి ఒక వంతు కూడా కాదు.

లూకా సువార్తలో జక్కయ్యను తలచుకోండి. ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. పరాయి సొమ్ము సొంతదారుకు తిరిగి చేరాలని చెప్పేటప్పుడు శ్రీసభ సత్యోపదేశ గ్రంథం అతనినే గుర్తుచేస్తుంది. ఎడమచేత సుంకం దండుకుంటూనే కుడిచేత నాలుగింతలు పంచి ఉంటే ఆ ఇంటికి రక్షణ వచ్చేదా? దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2015 నాటి ‘లౌదాతో సి’ విశ్వలేఖలో కర్బన క్రెడిట్ల గురించి చేసిన హెచ్చరిక ఇలాంటిదే: అవి కొత్తరకం జూదంగా మారి, అసలు మార్పును దాటవేయటానికి సాకు కావచ్చునన్నారు. సింగరేణి బొగ్గుతో వెలిగే దీపాల కింద కూర్చున్న మనకు కూడా ఇందులో కొంత వాటా లేకపోలేదు, మోతాదులోనే తేడా. 2010లో శాస్త్రజ్ఞులు వేసిన ఒక అంచనా ప్రకారం లోకంలోని వ్యర్థాలన్నిటినీ జాగ్రత్తగా బయోచార్ చేసినా, ఏటా వెలువడే వాయువులలో అత్యధికంగా 12 శాతానికి మాత్రమే విరుగుడు అవుతుంది. తక్కిన 88 శాతాన్ని ఏ బట్టీ మింగలేదు.

అందుచేత ఎవరైనా మీ ఊరికి కాగితాలు తెచ్చి, ‘మీ కట్టె బొగ్గు చేయండి, డబ్బు ఇస్తాం’ అంటే వద్దని తరిమివేయనక్కరలేదు. ఒప్పందం తెలుగులో చదివించుకోండి. మీ చేలో కలిపిన టన్నును ఎంతకు అమ్ముతున్నారు, అందులో మీ చేతికి ఎంత వస్తుంది, చెట్లు నరికించకుండా వ్యర్థాలే వాడతారా అని అడగండి. కొన్నవారు తమ పొగ ఏటేటా తగ్గిస్తున్నారో లేదో కూడా అడగండి. ఈ చివరి ప్రశ్నకు కాగితాలు తెచ్చిన అబ్బాయి దగ్గర జవాబు ఉండకపోవచ్చు; పైవారిని అడిగి చెప్పమనండి.