కొత్త పిల్లికి అభయం, పాత పిల్లికి భయం

విభీషణ శరణాగతి వీడియో పెట్టాక వచ్చిన మెసేజ్‌లలో ఒకటి నన్ను చాలా రోజులు వదల్లేదు. పంపిన అమ్మాయిది మా వైపే, తనకల్లు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం, డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, ఇంట్లో ఇప్పటికే రెండు పిల్లులు. సెలవుకు ఊరెళ్ళినప్పుడు వానలో తడిసి వణుకుతున్న ఒక పిల్లికూన కనబడితే వదిలి రాలేకపోయింది. తెచ్చి నేరుగా హాల్లో దింపింది. అప్పటి నుంచి పెద్ద పిల్లి బీరువా మీద నుంచి దిగట్లేదు, పెట్టింది ముట్టట్లేదు. రెండోది కూనను చూస్తే చాలు బుస్సుమంటోంది. "శరణన్నవాళ్ళను వదలకూడదని మీరే చెప్పారు కదన్నా. నేను చేసింది ధర్మమే అయితే ఇంట్లో ఇంత అశాంతి ఎందుకు?" ఇదీ ప్రశ్న.

ముందుగా ఒక మాట. పిల్లి ఒక రోజుకు మించి ఏమీ తినకుండా ఉంటే అది ధర్మసందేహం కాదు, వెంటనే వెటర్నరీ డాక్టరుకు చూపించాల్సిన విషయం. తిండి మానేసిన పిల్లికి కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది, లావుగా ఉన్నదానికి మరీను. ఆ సంగతి ఆ అమ్మాయికి అదే రోజు చెప్పాను. మిగిలిన ప్రశ్నకు మాత్రం ఒక్క మెసేజ్‌లో జవాబు చెప్పడం కుదరలేదు.

ఎందుకంటే, ఆ ప్రశ్న పైకి కనిపించేంత చిన్నది కాదు. జాలి పడింది ఆ అమ్మాయి. కూనకు మాట ఇచ్చింది ఆ అమ్మాయి. కానీ ఆ మాటకు ఖర్చు పెడుతున్నది ఎవరు? బీరువా మీద కూర్చున్న ముసలి పిల్లి. దాన్ని ఎవరూ అడగలేదు. మనం దానం చేస్తున్నామనుకుంటాం, తీసేది మాత్రం పక్కవాడి జేబులోంచి. ఇలాంటి దయ మనుషుల ఇళ్ళల్లోనూ చాలా చూస్తాం. ఊరందరికీ సాయం చేస్తాడని పేరున్న మనిషి ఇంట్లో, రాత్రి పదకొండింటికి వచ్చిన అతిథులకు మళ్ళీ పొయ్యి వెలిగించేది ఎవరో మనకు తెలుసు.

ఇప్పుడు యుద్ధకాండకు వద్దాం. మనం ఈ ఘట్టంలో రాముడి అభయాన్ని మాత్రమే గుర్తు పెట్టుకుంటాం. దానికి ముందు జరిగింది సులువుగా దాటేస్తాం. విభీషణుడు నలుగురు అనుచరులతో సముద్రం ఇవతలి ఒడ్డుకు వచ్చాడు, కానీ నేల మీద దిగలేదు. ఆకాశంలోనే నిలబడి, తానెవరో చెప్పి, కబురు పంపాడు. సుగ్రీవుడు ఒప్పుకోలేదు. వీడు గూఢచారి, చంపేద్దాం అన్నాడు. రాముడు అతణ్ణి కసురుకోలేదు, "నీకు దయ లేదా" అనలేదు. మీమీ అభిప్రాయాలు చెప్పండి అని అందరినీ అడిగాడు. గుణదోషాలు తూచి చూద్దామన్నాడు అంగదుడు. గూఢచారిని పంపి కనుక్కోవాలన్నాడు శరభుడు. రాకూడని వేళ, రాకూడని చోటికి వచ్చాడు కాబట్టి అనుమానించాల్సిందే అన్నాడు జాంబవంతుడు. మెల్లగా ప్రశ్నలడిగి చూద్దామన్నాడు మైందుడు. హనుమంతుడు ఒక్కడే అతని తరఫున మాట్లాడాడు. ఇంత జరుగుతున్నంతసేపూ విభీషణుడు పైనే ఉన్నాడు. రాముడు తన నిర్ణయం చెప్పాక కూడా సుగ్రీవుడు మళ్ళీ అడ్డు చెప్పాడు, రాముడు మళ్ళీ విన్నాడు, మళ్ళీ జవాబిచ్చాడు. చివరికి, వచ్చినవాడు రావణుడే అయినా అభయం ఇచ్చాను, తీసుకురా అన్నాడు. ఎవరితో అన్నాడు? అందరికంటే గట్టిగా వద్దన్న సుగ్రీవుడితోనే.

అసలు సుగ్రీవుడెవరు? అన్నకు భయపడి ఋష్యమూకం మీద దాక్కుని, రాముడి అండతో నిలబడినవాడు. నిన్నటి శరణార్థి ఇవాళ్టి శరణార్థిని చూసి భయపడుతున్నాడు. ఆ అమ్మాయి ఇంట్లో పెద్ద పిల్లి కూడా ఒకప్పుడు అపార్ట్‌మెంటు సెల్లారులో దొరికిందేనట. దొరికిన చోటు మళ్ళీ పోతుందేమోనన్న భయం, ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళకే ఎక్కువ ఉంటుందని నాకనిపిస్తుంది. పిల్లి అలా ఆలోచిస్తుందని నేను చెప్పలేను కానీ, దాని శరీరం మాత్రం అలాగే ప్రవర్తిస్తుంది.

పిల్లికి ఇల్లంటే గోడలు కాదు, వాసన. బుగ్గలు తలుపుకు రుద్దడం, సోఫాను గోళ్ళతో గీకడం మనకు ముద్దుగానో విసుగ్గానో ఉంటుంది. అది దానికి పట్టాదారు పాసుపుస్తకంలో సంతకం. ఒంటరిగా వేటాడి బతికిన అడవి పిల్లుల వంశం అది. కుక్కల్లా గుంపుగా తిరిగిన జాతి కాదు. అలాంటి దాని ఇంట్లోకి ఒక్క నిమిషంలో కొత్త వాసనను తెచ్చి నట్టింట్లో దింపితే, మన లెక్కలో అది అతిథి, దాని లెక్కలో దండయాత్ర.

"మరి మా ఊళ్ళో ఇదంతా ఎవరు చేశారన్నా, పిల్లులు వాటంతటవే సర్దుకోలేదా?" అంటారు. నిజమే. తనకల్లు, కొక్కంటి వైపు ఏ ఊళ్ళో చూసినా ఇంట్లో శెనక్కాయల మూటలు, మూటల వెనక ఎలుకలు, ఎలుకల కోసం పిల్లి. ఇంకో పిల్లి వస్తే ఎవరూ పట్టించుకోరు. కానీ అక్కడ ఆ పని జాగా చేస్తుంది. కొత్తది ముందు గడ్డివామి దగ్గర, తర్వాత పశువుల కొట్టం మీద, ఇంకొన్నాళ్ళకు పెరటి గోడ మీద కనబడుతుంది. పాతది చూస్తుంది, కోపం వస్తే తరుముతుంది, అదీ ఇదీ పారిపోవడానికి దారి ఉంటుంది. గుమ్మం దాకా రావడానికి ఒక కారు పట్టినా పట్టచ్చు. మూడో అంతస్తులో, బాల్కనీకి వల కట్టిన ఫ్లాటులో గడ్డివామి లేదు, గోడ లేదు, పారిపోయే దారి లేదు. దేశకాలాలను బట్టి ధర్మం అని పెద్దలు అనేది ఇందుకే. ఊళ్ళో వదిలేస్తే సరిపోయే విషయానికి ఫ్లాటులో మనం పూనుకోవాలి.

శ్రీవైష్ణవంలో మార్జాల న్యాయం గురించి మన ఛానెల్లో ఇదివరకే చెప్పుకున్నాం. కోతిపిల్ల తల్లిని తనే పట్టుకుంటుంది, పిల్లికూనను తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. రక్షించే భారమంతా తల్లిదే. అయితే ఆ తల్లి కూనను ఎక్కడికి తీసుకెళ్తుందో ఎప్పుడైనా గమనించారా? నలుగురి మధ్యకు కాదు. అటక మీదకో, మూటల సందులోకో, ఎవరి కన్నూ పడని మూలకు. మనం కూడా చేయాల్సిన మొదటి పని అదే. ఒక గది తలుపు వేసి కొత్తదానికి ఇవ్వాలి. దాని గిన్నె, దాని నీళ్ళు, దాని లిట్టర్ ట్రే, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. ఆ గది మీ వర్క్ ఫ్రమ్ హోమ్ గది అయితే లాప్‌టాప్ వంటింట్లోకి మారుతుంది. మారాలి మరి, మాట ఇచ్చింది మనం కదా.

ఆ తలుపు మూసి ఉన్న రోజుల్లోనే డాక్టరు పని పూర్తవుతుంది. పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు టీకాలు వేయని పిల్లుల్ని, ముఖ్యంగా కూనల్ని చాలా వేగంగా చంపేస్తుంది. వీధిలోంచి తెచ్చినదానికి పరీక్షలు, టీకాలు, నులిపురుగుల మందు కాకుండా పాతవాటి దగ్గరికి పంపడం జాలి అనిపించుకోదు. వయసు రాగానే ఆపరేషన్ చేయించడం గురించి కొందరికి మనసులో పీకుతుంటుంది, "ప్రకృతికి అడ్డు కాదా" అని. ఆ సందేహాన్ని నేను గౌరవిస్తాను. కానీ పుట్టిన ప్రతి కూనకూ ఇల్లు చూపించలేని నగరంలో, చేయించడమే మంచిదని నా అభిప్రాయం.

తర్వాత వాసన పరిచయం. శుభ్రమైన గుడ్డతో కూన బుగ్గలు తుడిచి పాతవి తిరిగే చోట పెట్టాలి, పాతవాటిని తుడిచిన గుడ్డ కూన గదిలో పెట్టాలి. మూసిన తలుపుకు అటూ ఇటూ తిండి గిన్నెలు, మొదట దూరంగా, రోజురోజుకూ కాస్త దగ్గరగా. వాసన వచ్చినప్పుడల్లా మంచి ముద్ద దొరుకుతోందని వాటికి తెలియాలి. ఆ తర్వాతే జాలీలోంచి చూపులు, ఇంకొన్నాళ్ళకు మన కళ్ళ ముందు పది నిమిషాల కలయిక. కొన్ని ఇళ్ళల్లో ఇది రెండు వారాల్లో అవుతుంది, కొన్నిట్లో నెలలు పడుతుంది. బుస్సుమన్నందుకు పాతదాన్ని కొట్టకండి, కసరకండి. సుగ్రీవుడి అభ్యంతరం లాంటిదే అది. దూరంగా ఉండు అని చెప్పడానికి దానికున్న భాష అంతే. నిజంగా కలబడితే మధ్యలో చెయ్యి పెట్టకుండా ఒక అట్ట అడ్డం పెట్టి విడదీయండి. మూడు పిల్లులుంటే నాలుగు ట్రేలు, వేర్వేరు చోట్ల. ఎక్కి కూర్చోవడానికి ఎత్తైన చోట్లు. రాత్రి పడుకునే ముందు పాతవాటితో మీరు ఆడే ఆట మాత్రం ఒక్క రోజు కూడా తప్పకూడదు.

ఇంత నిదానం ఎందుకని విసుగొచ్చినప్పుడు కదిరి గుర్తు తెచ్చుకోండి. కదిరి లక్ష్మీనరసింహస్వామి పక్కనే ప్రహ్లాదుడు ఉంటాడు. హిరణ్యకశిపుడి వధ తర్వాత స్వామి ఉగ్రరూపం దగ్గరికి వెళ్ళడానికి బ్రహ్మాది దేవతలకే ధైర్యం చాలలేదు, లక్ష్మీదేవి కూడా జంకిందని భాగవతం చెబుతుంది. వెళ్ళింది పసివాడు ప్రహ్లాదుడు. ఎవరి కోసం స్వామి వచ్చాడో వాడే, అయినా పరుగెత్తలేదు. మెల్లగా వెళ్ళి నేల మీద సాగిలపడ్డాడు. స్వామిని పిల్లితో పోల్చడం నా ఉద్దేశం కాదు. ప్రేమ ఉన్న చోట కూడా దగ్గరికి వెళ్ళడానికి ఒక పద్ధతి ఉంటుందని అంటున్నాను, అంతే.

ఇంకో ఆశ కూడా కాస్త తగ్గించుకోవాలి. రీల్స్‌లో మూడు పిల్లులు ఒకదాని మీద ఒకటి పడుకుని కనిపిస్తాయి, మన ఇంట్లోనూ అలాగే ఉండాలనుకుంటాం. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు ఒక కథ చెబుతాడు. ఒక పెద్ద మర్రిచెట్టు (మన వైపు వాళ్ళకు మర్రి అనగానే 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన తిమ్మమ్మ మర్రిమానే కళ్ళ ముందుకొస్తుంది), కొమ్మల్లో లోమశుడనే పిల్లి, మొదట్లో పలితుడనే ఎలుక. ఆపదలో రెండూ ఒకదాన్నొకటి కాపాడుకున్నాయి. ఆపద తీరాక పిల్లి స్నేహానికి పిలిచింది. ఎలుక మర్యాదగానే కాదంది, దూరం పాటించింది. భీష్ముడు ఆ ఎలుకను తప్పుపట్టలేదు, దాని తెలివిని మెచ్చుకున్నాడు. మీ పిల్లులు ఒకే ఇంట్లో, భయం లేకుండా, ఒకదాన్నొకటి పట్టించుకోకుండా బతికితే చాలు. పెద్దది బీరువా దిగి, తిని, తన కిటికీ దగ్గర నిద్రపోగలిగితే మీరు ఇచ్చిన అభయం రెండు వైపులా నిలబడినట్టే.

అలా కూడా కుదరని ఇళ్ళుంటాయి. నెలల తరబడి ఓపిక పట్టినా పాతది చిక్కిపోతుంటే, కూనకు మరో మంచి ఇల్లు వెతకడం మాట తప్పడమని నేననుకోను. కూనకు మీరు మాటిచ్చింది భద్రత గురించి, మీ ఫలానా ఫ్లాటు గురించి కాదు. తెలిసినవాళ్ళు, అలవాటున్నవాళ్ళు, ముందు వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు అయితే మంచిది. తెచ్చిన చోటే వదిలేసి రావడం మాత్రం కుదరదు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

రాముడు సుగ్రీవుడికి పావురం కథ ఒకటి చెప్పాడు, గుర్తుందా? తనింటికి వచ్చిన వేటగాడికి ఆకలి తీర్చడానికి పావురం ఇచ్చింది తన మాంసాన్నే. పక్క గూటి పావురాన్ని కాదు. దాని గురించి వచ్చే శనివారం వీడియోలో వివరంగా మాట్లాడుకుందాం. ఈలోగా ఇంట్లో కొత్త పిల్లి ఉన్నవాళ్ళు ముందు ఆ గది తలుపు వేసి రండి.