ఏది చేయించుకోవాలి?

"చేయించుకోవాలా, వద్దా?" అనే ప్రశ్నకీ "ఏది చేయించుకోవాలి?" అనే ప్రశ్నకీ మధ్య దూరం ఎంత? మొదటిది అడిగే మనిషి ఇంకా గుమ్మం బయటే ఉంటుంది. రెండోది అడిగే మనిషి లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంటుంది. కత్తి పెట్టకుండా దవడ గీత దిద్దే చికిత్సల గురించి ఎవరు మాట్లాడినా వినిపించేది ఈ రెండో ప్రశ్నే. మొదటిదాన్ని ఎవరు, ఎప్పుడు తేల్చేశారో తెలీదు.

ఒకప్పుడు మా టీమ్‌లో పనిచేసిన స్నేహితురాలు ఆమధ్య ఒక స్ప్రెడ్‌షీట్ పంపింది. బొటాక్స్, ఫిల్లర్, కొవ్వు కరిగించే ఇంజెక్షన్, దారాలు, హైఫూ, ఇలా వరసగా రాసి, పక్కన ఖర్చెంత, ఎన్ని సిట్టింగులు, వాపు ఎన్నాళ్ళు, ఫలితం ఎన్నాళ్ళు అని గడులు గీసింది. "అసలెందుకు ఇదంతా?" అని నేను మొదలుపెట్టగానే ఆపేసింది. "అది నిన్నడగలేదు. ఏది అని అడిగాను."

ఆ మాటలో న్యాయం ఉంది. ముఖం తనది. అద్దం ముందు రోజూ నిలబడేది తను. పైగా "నువ్వెలా ఉన్నా అందంగానే ఉంటావ్" అనేది దయగల మాటే కానీ నిజం కాదు. పెళ్ళి సంబంధానికి ఫోటో పంపినప్పుడూ, ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడూ లోకం ముఖం చూసే మార్కులేస్తుందని అందరికీ తెలుసు. పళ్ళకి క్లిప్పులు పెట్టించుకున్న పిల్లని మనం నీతి అడగం. ఒక ట్రాన్స్ మహిళకి దవడ ఆకారం మారడమంటే ఊపిరాడడం. నిద్రలో పళ్ళు నూరే అలవాటున్నవాళ్ళకి అదే బొటాక్స్ నొప్పి తగ్గించే మందు. వీళ్ళందర్నీ ఒకే గాటన కట్టి "మోజు" అనేయడం సుఖమే గానీ ఆలోచన కాదు. కాబట్టి ముందు ఆమె అడిగిన ప్రశ్ననే మర్యాదగా తీసుకుందాం.

ఈ చికిత్సలన్నీ ఒకే పని చేయవు. పళ్ళు బిగబడితే దవడ వెనక వేళ్ళకి గట్టిగా తగిలేది నమిలే కండరం. బొటాక్స్ అక్కడి నరం నుంచి కండరానికి కబురు అందనివ్వదు. పనిలేని కండరం కొన్ని వారాల్లో సన్నబడుతుంది. నాలుగైదు నెలలకి మళ్ళీ సూది. ఫిల్లర్ దీనికి తిరగేసిన లెక్క, తగ్గించదు, నింపుతుంది. హైలురానిక్ యాసిడ్ జెల్‌ని ఎముక వెంబడి ఎక్కించి గీత తెస్తారు. అచ్చంగా దవడ గీత కోసమే తయారైన ఒక జెల్‌ని 2022లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. దాదాపు ఏడాది ఉంటుంది. నచ్చకపోతే హైలురోనిడేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించేయొచ్చు. అరుదే అయినా జెల్ రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు.

గడ్డం కింది కొవ్వుకి 2015లో ఆమోదం పొందిన ఇంజెక్షన్ డీఆక్సీకోలిక్ యాసిడ్. మన పైత్యరసంలో ఉండేదే. కొవ్వు కణాల గోడలు పగలగొడుతుంది. నెలకి తగ్గని ఎడంతో ఆరు సార్ల దాకా చేస్తారు. బాగా వాస్తుంది. ఒక్కోసారి పక్కనున్న నరానికి తగిలి నవ్వు కొన్ని వారాలపాటు వంకర పోతుంది. పోయిన కణాలు మాత్రం తిరిగి రావు. దారాలు చర్మాన్ని పైకి లాగి పట్టుకుని, నెలల్లో కరిగిపోతాయి. హైఫూ శబ్ద తరంగాల వేడితో లోపలి పొరని కాస్త బిగిస్తుంది.

అంటే "దవడ గీత" అనే ఒక్క మాట కింద నాలుగు వేరువేరు ఫిర్యాదులున్నాయి: కండరం ఎక్కువైంది, ఎముక తక్కువైంది, కొవ్వు చేరింది, చర్మం జారింది. ఏది చేయించుకోవాలో తేలాలంటే ముందు ఏది నచ్చడం లేదో తేలాలి. చిత్రమేమిటంటే చాలామందికి అది తెలీదు. తెలిసిందల్లా ఫోటోలో తను బాగా లేనని.

ఇంజనీరు బుద్ధి గనక ఇక్కడ నాకు వెంటనే తోచేది రోల్‌బ్యాక్. ప్రొడక్షన్‌లో ఏదైనా మార్చే ముందు, తేడా వస్తే వెనక్కి పోగలమా అని చూస్తాం. ఆ లెక్కన ఫిల్లర్‌కి వెనక్కి దారుంది, బొటాక్స్ దానంతటదే గడువు తీరిపోతుంది, యాసిడ్‌కి ఏ దారీ లేదు. శస్త్రచికిత్స కాదు అన్నంత మాత్రాన వెనక్కి తీసుకోవచ్చని కూడా కాదు. గడ్డం దగ్గరా ఒంట్లో ఇంకొన్ని చోట్లా కొవ్వుని గడ్డకట్టించి కరిగించే చికిత్స చేయించుకున్న మోడల్ లిండా ఎవాంజెలిస్టా, తగ్గాల్సిన కొవ్వు తిరగబడి గట్టిగా పెరిగిందని 2021లో బయటికొచ్చి చెప్పింది. కాబట్టి తాత్కాలికమైనదే క్షేమం. క్లినిక్‌లో కూడా అదే అంటారు: ముందు ట్రై చేయండి, నచ్చకపోతే మానేయొచ్చు.

ఇంతవరకూ తర్కం సరిగ్గానే ఉంది. కానీ వెనక్కి వెళ్ళేది మాంసం మాత్రమే. చూపు వెళ్ళదు. మొన్నటిదాకా వట్టి ముఖంగా ఉన్నది ఇప్పుడు "బిఫోర్" ఫోటో అయింది. మందు దిగిపోయాక వచ్చేది పాత ముఖం కాదు, ఓడిపోయిన ముఖం. అందుకే "మానేయొచ్చు" అన్నది కాగితం మీది స్వేచ్ఛ. ఏడాదికి రెండుసార్ల చొప్పున ముప్ఫై ఏళ్ళప్పుడు మొదలుపెట్టి యాభై దాకా సాగిస్తే నలభై సార్లు. ప్రతిసారీ ముఖాన్ని పరాయిదానిలా పరీక్షించి, ఇంకోసారి కావాలా అని తీర్పు చెప్పుకోవాలి. ఒకసారి కొనే సాఫ్ట్‌వేర్ పోయి సబ్‌స్క్రిప్షన్ వచ్చినట్టే ఇది కూడా. ఒక్కసారికి తక్కువే అనిపిస్తుంది. ఎప్పటికీ పూర్తిగా మనది కాదు.

శాశ్వతమైనది శరీరాన్ని తిరిగి ఇవ్వదు. తాత్కాలికమైనది మనసుని వదిలిపెట్టదు. ఆ స్ప్రెడ్‌షీట్‌లో దీనికి గడి లేదు.

అమెరికన్ తత్వవేత్త జెరాల్డ్ డ్వార్కిన్ 1982లో ఒక వ్యాసానికి ఎక్కువ ఎంపికలుండడం తక్కువుండడం కన్నా మేలా అనే ప్రశ్ననే పేరుగా పెట్టాడు. ఎంపిక దొరికాక, దాన్ని వాడుకోకపోవడానికి కూడా మనమే బాధ్యులమవుతాం అనేది అందులో ఒక వాదన. గుండ్రటి దవడ మా అమ్మమ్మకి పుట్టుకతో వచ్చిన సంగతి, అంతే. అదే దవడ నా స్నేహితురాలికి పెండింగ్‌లో ఉన్న పని. ఏ సూదీ వేయించుకోకపోయినా ఆమె ఇక అమ్మమ్మలా ఉండలేదు. హెదర్ విడోస్ 2018లో తెచ్చిన "పర్ఫెక్ట్ మీ" పుస్తకంలో అందం ఇప్పుడొక నైతిక ఆదర్శమైపోయిందంటుంది. అందుకోలేకపోతే దురదృష్టం అనిపించదు, తప్పు చేసినట్టుంటుంది. మనకిది వేరే ఎవరో చెప్పక్కర్లేదు. పెళ్ళిళ్ళలో "ఏంటే, ఒళ్ళు చేశావ్!" అని పలకరించే పిన్నులున్నారు. "కాస్త ఒంటి మీద శ్రద్ధ పెట్టమ్మా" అనే బాబాయిలున్నారు. శ్రద్ధ అనే మాటలోనే తీర్పు ఉంది.

ఈ తీర్పుకి కొలబద్ద కూడా కదిలిపోతూ ఉంటుంది. మన కావ్యాల్లో అందమైన ముఖం అంటే చంద్రబింబం. ఇప్పుడు అదే గుండ్రదనానికి క్లినిక్ బోర్డు మీద పరిష్కారం ఉంది. కెమెరా ఇంకో అడుగు ముందుకేసింది. పన్నెండు అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, అయిదడుగుల నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే దాదాపు ముప్ఫై శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో వైద్యులు లెక్కగట్టారు. బల్ల మీది లాప్‌టాప్ కెమెరా అయితే మనల్ని కింది నుంచి, అంటే గడ్డం వైపు నుంచి చూస్తుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో మేమంతా మీటింగ్ మూలన ఆ బొమ్మని గంటలకొద్దీ చూస్తూ కూర్చున్నాం. అంతసేపు తన ముఖం తను చూసుకుంటూ ఇతరులతో మాట్లాడిన తరం అంతకుముందు లేదు.

అయితే తప్పెవరిది? సినిమా హాల్లో ముందు వరసలో ఒకడు లేచి నిలబడితే వెనకవాడికి లేవక తప్పదు. ఎవరి కారణం వాళ్ళకి సబబే. చివరికి హాలంతా నిలబడే సినిమా చూస్తుంది, ఎవరికీ ముందుకన్నా బాగా కనిపించదు, కాళ్ళు మాత్రం నొప్పెడతాయి. లేచిన వెనకవాణ్ణి తిట్టడం అన్యాయం. అలాగని నిలబడ్డ ప్రతివాడూ వెనక ఇంకొకణ్ణి లేపుతున్నాడన్నది అబద్ధం కాదు. "నా ముఖం, నా ఇష్టం" అన్నది హక్కుగా పూర్తిగా ఒప్పు, వర్ణనగా సగమే ఒప్పు.

స్నేహితురాలికి నేను చెప్పింది ఇంతే. ఇంకో రెండు గడులు కలుపుకో: "ఏ ఫిర్యాదుకి?", "ఆపేసిన రోజు ఎలా ఉంటుంది?" రెండోదానికి జవాబు రాయగలిగితే ఏదైనా ఫర్వాలేదు, రాయలేకపోతే చవకైనదీ ఖరీదే. తను నవ్వి, రెండు వారాలాగి బొటాక్స్ వేయించుకుంది. రెండో గడి నింపిందో లేదో చెప్పలేదు.

రెండు నెలల తర్వాత కలిసినప్పుడు కాఫీ సగం అయ్యేదాకా చూసి, "ఏం, ఏమీ అనవేంటి?" అంది. నిజంగానే బాగుంది. అదే అన్నాను. ఆమె ముఖం వెలిగింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆ సబ్‌స్క్రిప్షన్‌కి రెన్యూవల్ నోటీసు పంపేది క్లినిక్ ఒక్కటే కాదని. బాగుంది అంటే తర్వాతి సూదికి నేనూ ఓటేసినట్టు. అనకపోతే, సరిగ్గా రాలేదేమోనని ఆమె ఇంకాస్త వెతుక్కుంటుంది. అసలు ముఖం గురించి మాట్లాడకుండా ఉంటే చాలనుకోవడానికి లేదు, అడిగింది తనే. ఏది చేయించుకోవాలన్నదానికి ఆమె జవాబు ఆమె చెప్పుకుంది. ఆమెని చూసేవాళ్ళం ఏమనాలన్నదానికి జవాబు ఇంకా మా దగ్గరే ఉంది, నాలుగైదు నెలలకోసారి మళ్ళీ చెప్పాల్సి వస్తుంది.