దూరముల లెక్క

పూర్వము కృష్ణాతీరమున కొల్లూరు గనులలో దొరకిన వజ్రమును, పెన్సిలులోని గ్రాఫైటును ఒకే కర్బన పరమాణువులతో నేర్పడినవి. వజ్రములో పొరుగు పరమాణువుల యెడము 1.54 ఆంగ్‌స్ట్రాములు, గ్రాఫైటు పొరలో 1.42, పొరకును పొరకును నడుమ 3.35. అందుచేతనే యొకటి గాజును కోయును, రెండవది కాగితముపై నరిగిపోవును. కణముల సంఖ్య ఈ భేదమును చెప్పజాలదు. వాని స్థానములను కొలిచి, ప్రతి జంట దూరమును లెక్కించిననే లోపలి కూర్పు బయటపడును. ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు ఇట్టి కూర్పుల సౌష్ఠవమునుండి స్ఫటికగుణములను రాబట్టు గణితమున పేరుగన్నవారు.

ఈ లెక్కనే డెల్టా పల్లెకు పట్టించి చూతము. ఎకరమునకు ఇన్ని యిండ్లని సగటు చెప్పినచో ఊరంతయు నొక్కటే. ఇంటికిని ఇంటికిని గల దూరములను వ్రాసికొన్నచో, చాల యూళ్లలో అవి రెండు గుంపులుగా విడివడి నడుమ వెలితి కానవచ్చును. ఆ వెలితి ఊరికిని దళితవాడకును నడుమనున్న కాలువయో, పొలమో.

స్ఫటికమునందువలె ఎవరి చోటు వారికి సహజమనువారు కలరు. మేమంగీకరింపము. కర్బన పరమాణువును మరియొక పరమాణువు శాసించి దూరముగా నుంచలేదు. ఊరిలో నుంచినది మనుష్యులే. కొలత వెలితిని చూపును గాని కారకులను చూపదు.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించినది. పెక్కు పల్లెలలో ఇండ్లు మాత్రము ఉన్నచోటనే యున్నవి. విజయవాడలో దూరములు కుదించుకొనిపోయి గోడకు గోడ తగులుచున్నది. అద్దె చెప్పుటకు ముందు కులమడుగు యజమానులు అచ్చటను గలరు. అచ్చట స్థానములు కొలిచిన వెలితి కనబడదు. ఎవరు ఎవరి గడప దాటి భోజనమునకు వచ్చిరో లెక్కవ్రాయవలసియుండును.