మక్కా మసీదు రాళ్లు - మన మెచ్చుకోలు

ప్రతి ఏడూ విద్యార్థులను మక్కా మసీదుకు తీసుకువెళ్తాను. చార్మినారు దాటి నాలుగడుగులు వేస్తే చాలు. కిందటేడు ఒక విద్యార్థి నన్ను నిలవేశాడు: "సార్, పధ్నాలుగు వందల ఎద్దులని మీరే చెబుతారు, మళ్లీ మీరే ముచ్చటపడతారు. ఇదేం న్యాయం?"

ఎద్దుల సంగతి రాసినవాడు టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు. 17వ శతాబ్దం మధ్యలో ఆయన చూసేనాటికి కట్టడం అసంపూర్ణంగానే వున్నది. మిహ్రాబు కోసం ఒక్క బండను తొలవటానికి అయిదేళ్లు పట్టిందనీ, 500, 600 మంది ఎడతెరిపి లేకుండా పనిచేశారనీ, దాన్ని లాగటానికి 1400 ఎద్దులు కావలసి వచ్చాయనీ రాశాడు. 1617లో సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టాడు. 1687లో గోల్కొండ పడిపోయింది. జయించిన ఔరంగజేబే 1694లో పూర్తిచేయించాడు. డెబ్బై ఏడేళ్లు! మొదట ఉలి పట్టినవాడి మనుమడు చివరి రాయిని చూసివుంటే చూసివుండాలి.

పునాదిరాయి సుల్తానే స్వయంగా వేశాడని ఒక కథ. వేల రాళ్లలో ఒక్క రాయి వేసినవాడి కథ నిలిచింది. పర్యవేక్షకులుగా మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి అని రెండు పేర్లు చెబుతారు. అంతకు కిందికి పేర్లు దిగవు.

ఇక్కడే అభ్యుదయవాదులం మనం ఒక పని చేస్తాం. 'అందం చూడకు, చెమట చూడు' అంటాం. నేనూ చాలాకాలం తరగతిలో అదే చెప్పాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఇప్పుడా మాటలో ఒక మోసం కనిపిస్తున్నది. అందాన్ని రాజు ఖాతాలో జమకట్టి, కూలీ ఖాతాలో కష్టం మాత్రమే రాస్తున్నాం. ఈ పద్దు ప్రభువుల దఫ్తరులోది, మనది కాదు.

గ్రానైటు ఎటుపడితే అటు చీలదు. దాని వాలు కనిపెట్టి, వరసగా రంధ్రాలు తొలిచి, చీలలు దిగగొట్టాలి. ఒక దెబ్బ తప్పితే నెలల పని మట్టిపాలు. ఆ వాలు తెలిసిన బుద్ధి సుల్తానుది కాదు. 75 అడుగుల ఎత్తు మందిరాన్ని పదిహేను కమానులు మోస్తున్నాయంటే ఆ భారం లెక్క తెలిసిన చేతులు వుండబట్టే.

అయితే ఏం కట్టాలో నిర్ణయించినవి ఆ చేతులు కావు. ఖర్చు ఎక్కడిది? గోల్కొండ రాజ్యంలో పన్ను వసూలు హక్కును వేలం వేసేవారు. ఎక్కువకు పాడినవాడు అదంతా రైతు దగ్గర పిండుకునేవాడు. కమాను అందం ఆ పాపాన్ని కడగదు. ఆ పాపంవల్ల కమాను వంకరపోదు. ఒకదానిలోనుంచి ఒకటి తీసివేసి శేషం తేల్చాలనుకోవటమే పొరపాటని నా వాదన.

కుర్రవాడికి నచ్చలేదు. "వాళ్లు ఇష్టపడి చెక్కారని మీకెవరు చెప్పారు?" అన్నాడు. ఇష్టపడి అనలేదు, తెలిసి చెక్కారన్నాను. ఈ భేదం చిన్నదని నేననుకోను.

ఆవరణలో ఒక పక్కగా నిజాం అలీ ఖాన్ మొదలు మహబూబ్ అలీ ఖాన్ దాకా ఆసఫ్ జాహీల పాలరాతి సమాధులున్నాయి. మిగతావాళ్లు ఆ పేర్లు అడిగి రాసుకుంటున్నారు. వాదించినవాడు మాత్రం కమాను దగ్గరే వుండిపోయి, రెండు రాళ్ల అతుకు మీద గోటితో గీసి చూస్తున్నాడు.